వెన్నుపాము వాపు – తోటివారి ఆసరా



ఈనాటి మన ప్రసంగ విషయం ఒక అరుదైన జబ్బు, ఆ జబ్బుతో బతుకుతున్నవాళ్లు ఒకరికొకరు అందించుకునే ఆసరా. జబ్బు పేరు ట్రాన్స్‌వర్స్ మైలైటిస్. పేరు విని రేడియో కట్టేయకండి. పేరు మాత్రమే నోరు తిరగనిది. విషయం ఏ ఇంటికైనా సంబంధించిందే. మైలైటిస్ అంటే వెన్నుపాముకు వచ్చే వాపు. ట్రాన్స్‌వర్స్ అంటే అడ్డంగా. వెన్నుపాములో ఏదో ఒక చోట అడ్డంగా వాపు రావడం అన్నమాట. 1948లో ఇంగ్లండులో ఒక డాక్టరు, న్యుమోనియా వచ్చి తగ్గాక కాళ్లు చచ్చుబడిన ఒక రోగి గురించి రాస్తూ ఈ పేరు వాడారు. అదే నిలిచిపోయింది.

నన్ను గురించి రెండు ముక్కలు. నేను హోసూరు ప్రాంతంవాణ్ణి. తెలుగు బడిలో పంతులుగా పనిచేశాను. 2011లో ఈ జబ్బు నాకు వచ్చింది. ఇప్పుడు ఒక చేతికర్ర సాయంతో నడుస్తాను. డాక్టర్ని కాను. వైద్యం చెప్పడానికి రాలేదు. ఈ జబ్బు పడినవాళ్లం ఒకరినొకరు వెతుక్కుని, ఒకరి అనుభవం ఒకరికి చెప్పుకుంటే ఎంత మేలు జరుగుతుందో చెప్పడానికి వచ్చాను.

ముందు జబ్బు సంగతి చూద్దాం. మెదడుకూ ఒంటికీ మధ్య రాకపోకలు సాగే రాదారి వెన్నుపాము. కాలు కదపమని మెదడు పంపే కబురు ఆ దారినే కిందికి పోతుంది. కాల్లో ముల్లు దిగిందన్న కబురు ఆ దారినే పైకి వస్తుంది. ఈ నరాల పోగుల చుట్టూ, కరెంటు తీగకు తొడుగు ఉన్నట్టు, మైలిన్ అనే పొర ఉంటుంది. మన ఒంట్లో రోగక్రిములతో పోరాడే ఒక రక్షణ దళం ఉంది కదా, అది ఒక్కోసారి దారి తప్పి సొంత ఇంటి మీదనే పడుతుంది. తొడుగును పాడుచేస్తుంది, ఒక్కోసారి లోపలి తీగనూ పాడుచేస్తుంది. అక్కడ వాపు వస్తుంది, కబుర్లు ఆగిపోతాయి. మెడ దగ్గర వస్తే చేతులూ కాళ్లూ రెండూ దెబ్బతింటాయి. వీపు మధ్యలో వస్తే అక్కడినుంచి కిందికి.

ఎందుకు వస్తుంది? కొందరికి ఏదో వైరస్ జ్వరం వచ్చి తగ్గిన రెండు మూడు వారాలకు వస్తుంది. కొందరికి మల్టిపుల్ స్క్లీరోసిస్, లూపస్ వంటి వేరే జబ్బులలో భాగంగా వస్తుంది. మరికొందరికి న్యూరోమైలైటిస్ ఆప్టికా అనే జబ్బు వల్ల వస్తుంది. దాన్ని పట్టిచ్చే రక్తపరీక్షకు దారి చూపిన యాంటీబాడీని 2004లో కనుగొన్నారు. చాలామందిలో ఎంత వెతికినా కారణం దొరకదు. ఇది అంటువ్యాధి కాదు. ఎవరి పాపఫలమూ కాదు. ఈ మాట గట్టిగా చెప్పడం అవసరం. ఎందుకంటే మన ఇళ్లలో మొదట వచ్చే ప్రశ్న, ఏం చేస్తే వచ్చింది అన్నదే.

ఎలా మొదలవుతుంది? నాలుగు గుర్తులు చెబుతాను, గుర్తుంచుకోండి. ఒకటి, కాళ్లలో గాని చేతుల్లో గాని పట్టు తప్పడం. రెండు, ఒంటి మీద ఒక గీత గీసినట్టు, ఆ గీత కింద స్పర్శ తగ్గడం లేదా చీమలు పాకినట్టు ఉండడం. మూడు, నడుము చుట్టూగాని రొమ్ము చుట్టూగాని ఎవరో బిగించి కట్టినట్టు పట్టు. నాలుగు, మూత్రం బిగుసుకుపోవడం లేదా ఆపుకోలేకపోవడం. ఇవి కొన్ని గంటల్లోనే ముదరవచ్చు, మూడు వారాలదాకా మెల్లగా పెరగవచ్చు. ఈ గుర్తులు కనిపిస్తే వాతమనీ, గాలి సోకిందనీ, దిష్టి తగిలిందనీ కాలక్షేపం చేయకూడదు. నూనె మర్దనలతో రోజులు గడపకూడదు. ఎంఆర్ఐ సౌకర్యం, నరాల డాక్టరు ఉన్న పెద్ద ఆసుపత్రికి ఆ రోజే పోవాలి. వెన్నుపామును బయటినుంచి ఏదైనా నొక్కుతోందా అన్నది మొదట ఆ ఎంఆర్ఐలోనే తేలాలి. నొక్కుడు లేదు, వాపే అని తేలితే సాధారణంగా మిథైల్ ప్రెడ్నిసొలోన్ అనే స్టెరాయిడ్ మందును రోజుకు 1 గ్రాము చొప్పున 3 నుంచి 5 రోజులు నరం ద్వారా ఎక్కిస్తారు. దానికి లొంగకపోతే రక్తంలోని ప్లాస్మా మార్చే చికిత్స చేస్తారు.

ఇంతవరకు వైద్యుల పని. ఇక అసలు విషయానికి వస్తాను.

ఈ జబ్బు పది లక్షల జనాభాలో ఏడాదికి ఒకరి నుంచి ఎనిమిది మందికి వస్తుందని లెక్క. మూడు లక్షల జనం ఉన్న తాలూకాలో, ఏడాదికి ఇద్దరు ముగ్గురికి మించరు. ఒక్కోసారి రెండు మూడేళ్లకు ఒక్కరు. అంటే ఏమిటి? షుగరు జబ్బు వస్తే మన వీధిలోనే పదిమంది సలహాలు చెబుతారు. గుండె ఆపరేషను అంటే మేనమామో, పక్కింటాయనో చేయించుకునే ఉంటాడు. ఈ జబ్బు వచ్చినవాడికి అడగడానికి ఊళ్లో ఇంకొకరు ఉండరు. చాలా చోట్ల ఊరి డాక్టరు కూడా అంతకు ముందు ఒక్క కేసైనా చూసి ఉండడు. ఆసుపత్రిలో ఉన్నన్ని రోజులూ చుట్టూ మనుషులుంటారు. ఇంటికి వచ్చాక మొదలవుతుంది ఒంటరితనం.

మనలాంటి వాళ్లకు దీనికి తోడు ఇంకో చిక్కు ఉంది. మనం తరాలుగా తెలుగు నేల బయట ఉన్నాం. ఇంట్లో తెలుగు, బజారులో మరో భాష, ఆసుపత్రిలో ఇంగ్లీషు. బజారు భాష మనకు బాగానే వచ్చు, కాదనను. బేరమాడగలం, కోర్టులో సాక్ష్యం చెప్పగలం. ఒంట్లో బాధ మాత్రం అమ్మ భాషలోనే పుడుతుంది. తిమ్మిరి అనే ఒక్క మాట తీసుకోండి. కన్నడంలో జోము అంటారు. తమిళంలో మరత్తుప్పోచ్చు అంటారు. మరాఠీలో ముంగ్యా యేణే అంటారు, చీమలు రావడమని అర్థం. ఇవన్నీ ఒకటేనా? కావు. మొద్దుబారడం వేరు, చీమలు పాకడం వేరు, మంట వేరు, లాగడం వేరు. డాక్టరుకు ఈ తేడాలన్నీ కావాలి. మనం మాట వెతుక్కునేలోగా ఆయన తరవాతి రోగి దగ్గరికి వెళ్లిపోతాడు. అదే ఆ బాధ పడిన తెలుగువాడు ఎదురుగా ఉంటే, "తడిగుడ్డ చుట్టినట్టుంటుందా? ఇసకలో నడిచినట్టుంటుందా?" అని అడుగుతాడు. ఆ మాటలు మనకు దొరికితే, వాటిని రేపు డాక్టరుకు చెప్పగలుగుతాం. తోటివారి ఆసరా అంటే మొదటి మెట్టు ఇదే. బాధకు మాట దొరకడం.

ఈ ఆలోచన కొత్తది కాదు. 1994లో అమెరికాలో, ఈ జబ్బు తమ ఇంట్లోకి వచ్చిన కుటుంబాలు కొన్ని కలిసి ట్రాన్స్‌వర్స్ మైలైటిస్ అసోసియేషన్ పేరుతో ఒక సంఘం పెట్టుకున్నాయి. డాక్టర్లు పెట్టింది కాదు, ఇళ్లవాళ్లు పెట్టింది. 2019లో దాని పేరు సీగెల్ రేర్ న్యూరోఇమ్యూన్ అసోసియేషన్‌గా మారింది. ఈ జబ్బుకు బంధువుల్లాంటి ఇతర నరాల జబ్బుల వాళ్లు కూడా అందులో ఉన్నారు. మన దేశంలో దీనికి దగ్గరి జబ్బయిన మల్టిపుల్ స్క్లీరోసిస్ రోగుల కోసం 1985లో ముంబయిలో ఒక సొసైటీ ఏర్పడింది. బెంగళూరు, చెన్నై, హైదరాబాదు, పుణె వంటి నగరాల్లో దానికి శాఖలున్నాయి.

మనకు ఇంకా దగ్గరలో, వేలూరులో, ఒక గొప్ప ఉదాహరణ ఉంది. చిత్తూరు, తిరుత్తణి, కృష్ణగిరి వైపు తెలుగువాళ్లకు వేలూరు ఆసుపత్రి తెలియనిది కాదు. అక్కడ మేరీ వర్గీస్ అనే యువ వైద్యురాలు 1954లో కారు ప్రమాదంలో వెన్నుపాము దెబ్బతిని, రెండు కాళ్ల కదలికనూ పోగొట్టుకున్నారు. చక్రాల కుర్చీలో కూర్చునే శస్త్రచికిత్సలు చేశారు. తరవాత విదేశంలో పునరావాస వైద్యం నేర్చుకుని వచ్చారు. ఆమె కృషితో 1966లో అక్కడ పునరావాస కేంద్రం వెలసింది. 1972లో పద్మశ్రీ వచ్చింది. 1986లో ఆమె కన్నుమూశారు. ఒక్కసారి ఆలోచించండి. మంచం మీద పడి ఉన్న రోగి తల తిప్పి చూస్తే, తనలాగే చక్రాల కుర్చీలో ఉన్న మనిషి డాక్టరై వస్తోంది. ఆమె నోరు విప్పకముందే సగం వైద్యం జరిగిపోదూ? ఆ కేంద్రంలో ఏటా పాత రోగులంతా కలుసుకునే మేళా జరుగుతుంది. వెన్నుపాము దెబ్బతిన్నవాళ్లు, కుర్చీల్లో, కర్రల మీద వచ్చి, ఆటలాడుకుని, పరీక్షలు చేయించుకుని పోతారు. కొత్తగా దెబ్బతిన్నవాడికి, పదేళ్ల కిందట దెబ్బతిని ఇవాళ దుకాణం నడుపుకుంటున్న మనిషిని చూపించడం కంటే పెద్ద ఓదార్పు ఏముంటుంది?

మా చిన్న గుంపు సంగతి చెబుతాను. ఫిజియోథెరపీ చేసిన ఒక అమ్మాయి, నా అనుమతి తీసుకుని, నా ఫోను నంబరు బళ్లారి దగ్గర జిన్నింగు మిల్లులో లెక్కలు రాసే ఒకాయనకు ఇచ్చింది. ఆయనకు షోలాపూరులో తువ్వాళ్లు నేసే ఒక పద్మశాలి సోదరుడు తెలుసు. అలా బరంపురంలో కుట్టుపని చేసే ఒకమ్మ, యానాంలో ఒక కాలేజీ అమ్మాయి, ఆ అమ్మాయి తల్లి కలిశారు. ఇప్పుడు మేం పదకొండు మందిమి. మాకు పేరు లేదు, రసీదు పుస్తకం లేదు, అధ్యక్షుడు లేడు. నెలకు రెండు ఆదివారాలు ఫోనులో అందరం కలిసి మాట్లాడుకుంటాం. మధ్యలో ఎవరికి అవసరమైతే వాళ్లు చేస్తారు.

ఏం మాట్లాడుకుంటాం? మొదట మూత్రం సంగతి. నవ్వకండి. ఈ జబ్బులో నడకకన్నా మనిషిని ఎక్కువ కుంగదీసేది ఇదే. మూత్రాశయం దానంతట అది ఖాళీ కాదు. నిలవ ఉంటే ఇన్ఫెక్షన్, కిడ్నీలకు చేటు. డాక్టర్లు చెప్పే ఉపాయం, రోజుకు నాలుగు నుంచి ఆరుసార్లు శుభ్రమైన చేతులతో సన్నని గొట్టం పెట్టుకుని మనమే ఖాళీ చేసుకోవడం. నర్సు ఒకసారి చూపిస్తుంది. ఇంట్లో చేసుకోవడం వేరు. బరంపురం అమ్మకు ఆసుపత్రిలో మగ డాక్టరు ఒడియాలో చెప్పారు. ఆమె తల ఊపి వచ్చేసింది. అడగవలసింది ఒక్కటీ అడగలేదు. ఆరు నెలలు ఇల్లు కదల్లేదు, పెళ్లికి పోలేదు, పేరంటానికి పోలేదు. మా గుంపులో ఉన్న ఇంకొక ఆడమనిషి ఆమెతో గంటసేపు విడిగా మాట్లాడింది. అద్దం ఎలా పెట్టుకోవాలి, చీరతో ఎలా వీలవుతుంది, నీళ్లు ఏ వేళకు ఎంత తాగాలి, బయటికి పోయేటప్పుడు సంచిలో ఏమేం ఉండాలి. ఆ తరవాతి నెల ఆమె చెల్లెలి కొడుకు ఒడుగుకు పోయి వచ్చింది. మందు మారలేదు. డాక్టరు మారలేదు. చెప్పిన మనిషి మారింది.

రెండోది చర్మం. స్పర్శ లేనిచోట పుండు పడినా, కాలినా తెలియదు. మంచంలో ఉన్నవాళ్లను రెండు గంటలకొకసారి ఒత్తిగిలించాలి. కుర్చీలో కూర్చున్నవాళ్లు పావుగంటకో అరగంటకో చేతుల మీద లేచి బరువు మార్చుకోవాలి. పొద్దునా రాత్రీ అద్దంతో పిర్రలు, మడమలు చూసుకోవాలి. ఇవి ఆసుపత్రి కాగితంలో ఉంటాయి. కాగితంలో లేనివి మాలో మేం చెప్పుకుంటాం. వేడి అన్నం కంచం ఒడిలో పెట్టుకోవద్దు. స్నానం నీళ్లు మోచేతితో చూసుకుని పోసుకో. మోటారు సైకిలు వెనక కూర్చుంటే సైలెన్సరు కాలికి తగలకుండా చూసుకో. గుడికి పోతే మధ్యాహ్నం రాతి ప్రాకారం మీద ఉత్త కాళ్లతో తిరగకు. బళ్లారి ఆయన కాలు అలానే బొబ్బలెక్కింది, మానడానికి మూడు నెలలు పట్టింది. ఆ కథ ఒక్కసారి విన్నవాడు మళ్లీ మరిచిపోడు.

మూడోది ఎండ. ఒళ్లు వేడెక్కితే దెబ్బతిన్న నరాల్లో కబుర్లు ఇంకా మందగిస్తాయి. చైత్ర వైశాఖాల్లో, జ్వరం వచ్చినప్పుడు, కాళ్లు మళ్లీ బరువెక్కుతాయి. జబ్బు తిరగబెట్టిందేమోనని హడలిపోతాం. చల్లబడితే సర్దుకునేది వేరు, ఒక రోజు దాటినా తగ్గని కొత్త బలహీనత వేరు. రెండోది అయితే వెంటనే డాక్టరు దగ్గరికి పోవాలి. నేత మగ్గాల షెడ్డులో ఉక్కకు తట్టుకోలేక పని మానేద్దామనుకున్న షోలాపూరు సోదరుడు, తడిపిన తువ్వాలు మెడకు చుట్టుకుని, పొద్దున షిఫ్టుకు మారి, ఇంకా పని చేస్తున్నాడు. ఆ ఉపాయం చెప్పింది బళ్లారి ఆయనే. బళ్లారి ఎండ తెలిసినవాడు కదా!

నాలుగోది, కొంచెం జాగ్రత్తగా వినవలసింది. వాపు రొమ్ము నడిమి ఎత్తులోగాని, అంతకు పైన గాని వచ్చినవాళ్లకు ఒక ఆపద ఉంటుంది. మూత్రాశయం నిండిపోయినా, మలబద్ధం ఉన్నా, బట్ట బిగిసినా, హఠాత్తుగా తల పగిలిపోయే నొప్పి, ముఖం ఎర్రబడడం, చెమటలు, బీపీ ఒక్కసారి పైకి పోవడం. అలాంటప్పుడు పడుకోబెట్టకూడదు, నిటారుగా కూర్చోబెట్టాలి. బట్టలు వదులు చేయాలి. మూత్రం ఖాళీ చేయాలి. తగ్గకపోతే ఆసుపత్రికి పోవాలి. ఇది తెలియని ఇంట్లో వాళ్లు తలనొప్పి మాత్ర వేసి పడుకోబెడతారు. అందుకే మేం ఈ నాలుగు వాక్యాలు తెలుగులో రాసి, ప్రతి ఇంట్లోనూ మంచం పక్క గోడకు అంటించుకున్నాం.

ఇంకా బిగుసుకుపోయే కాళ్లు, రాత్రి మంటలు, పగటి అలసట, ఆలుమగల సంబంధం, పిల్లల పెంపకం, అన్నీ వస్తాయి. అలసట గురించి ఒక్క మాట. బయటికి కనిపించదు. మనిషి బాగానే కూర్చుని ఉంటాడు. సోమరి అంటారు. ఆ మాట పడ్డవాడికే తెలుస్తుంది ఆ మాట బరువు.

యానాం తల్లి మొదటిసారి ఫోను చేసినప్పుడు అడిగింది ఒకటే. "మాస్టారూ, మా పిల్ల నడుస్తుందా?" ఇక్కడే తోటివాళ్లం చాలా నిజాయితీగా ఉండాలి. తప్పకుండా నడుస్తుందమ్మా అనడం తేలిక. రేపు నడవకపోతే ఆ మాట బిడ్డకు ముల్లవుతుంది. డాక్టర్లు చాలా కాలంగా చెబుతూ వచ్చిన లెక్క ఇది. సుమారు మూడోవంతు మంది బాగా కోలుకుంటారు. మూడోవంతు మంది కొంత లోపంతో తిరుగుతారు. మూడోవంతు మందికి పెద్ద లోపం మిగిలిపోతుంది. కోలుకోవడం సాధారణంగా మొదటి మూడు నెలల్లో మొదలవుతుంది, రెండేళ్లదాకా మెరుగు కనిపించవచ్చు. నేను ఆ తల్లికి ఇదే చెప్పాను. "ఏ మూడోవంతులో ఉందో ఇప్పుడు ఎవరూ చెప్పలేరమ్మా. ఏ మూడోవంతులో ఉన్నా చదువు ఆగనక్కర్లేదు," అన్నాను. ఆమె చాలాసేపు మాట్లాడలేదు. తరవాత, "ఈ మాట ఇంతవరకు ఎవరూ చెప్పలేదండీ," అంది. ఆ పిల్ల ఇప్పుడు వాకరుతో కాలేజీకి పోతోంది.

ఇంకో సంగతి. ఒక రాత్రి పదకొండు దాటాక షోలాపూరు సోదరుడు ఫోను చేశాడు. "సారూ, ఇంట్ల నేనొక మూటలెక్క పడి ఉన్న. నా భార్య బీడీలు చేసి నన్ను సాకుతున్నది. నేను లేకుంటెనే నయం," అన్నాడు. ఈ జబ్బులో మనసు కుంగడం చాలా మామూలు. అది మనిషి బలహీనత కాదు, జబ్బులో ఒక భాగం. దానికీ చికిత్స ఉంది. అలాంటప్పుడు ఏం చేయాలి? ధైర్యంగా ఉండు, దేవుడున్నాడు అని ఫోను పెట్టేయకూడదు. సూటిగా అడగాలి. "చనిపోవాలనిపిస్తోందా?" అని. అడిగితే ఆ ఆలోచన పుడుతుందన్నది అపోహ. అడిగితే లోపలిది బయటికి వస్తుంది. నేను అడిగాను. అతను ఏడ్చాడు. ఫోను పెట్టకుండా, భార్యను లేపించి, ఆమెతో మాట్లాడాను. తెల్లవారి డాక్టరు దగ్గరికి తీసుకుపోయారు. ఇప్పుడు మనసుకు కూడా మందు వాడుతున్నాడు. శ్రోతలారా, 2022లో మొదలైన టెలి మానస్ అనే ప్రభుత్వ సహాయ ఫోను ఉంది. నంబరు 14416. డబ్బు అక్కర్లేదు, రాత్రీ పగలూ పలుకుతుంది, తెలుగులోనూ మాట్లాడతారు. రాసిపెట్టుకోండి.

ఇప్పుడు హద్దుల సంగతి. తోటివారి ఆసరా మందు కాదు, డాక్టరు కాదు. మేం నాలుగు కట్టుబాట్లు పెట్టుకున్నాం. మొదటిది, ఎవరూ ఎవరికీ మందు మార్చమని, ఆపమని చెప్పకూడదు. కాళ్ల బిగువుకు వాడే బాక్లోఫెన్ వంటి మందును హఠాత్తుగా మానేస్తే ప్రమాదం. కొన్ని రకాల జబ్బుల్లో వాపు మళ్లీ మళ్లీ వస్తుంది, వాళ్లు రక్షణ దళాన్ని అదుపులో పెట్టే మందులు ఏళ్ల తరబడి వాడాలి. ఒకరికి ఒక్కసారి వచ్చి పోయింది కదా అని, ఇంకొకరిని మందు మానమంటే ఆ మనిషి చూపు కూడా పోవచ్చు. పేరు ఒకటే అయినా జబ్బు ఒకటి కాదు. రెండోది, ఎవరూ ఏదీ అమ్మకూడదు. ఒకాయన మా గుంపులో చేరి వారంలోపల నూనె సీసాల ధర చెప్పడం మొదలుపెట్టాడు. మర్యాదగా నమస్కారం పెట్టి పంపించేశాం. మూడోది, ఇక్కడ విన్నది ఇక్కడే ఉండాలి. పెళ్లి కావలసిన పిల్లలున్నారు. ఉద్యోగాలున్నాయి. నాలుగోది, నేను నడిచాను నువ్వెందుకు నడవవు అనే మాట ఎవరి నోటా రాకూడదు. ఆ మాట ప్రోత్సాహంలా వినిపిస్తుంది గాని, చెంపదెబ్బే.

చూసుకునేవాళ్లను మరిచిపోకూడదు. భార్యలు, తల్లులు, ఒక్కోచోట పదేళ్ల పిల్లలు. వాళ్ల నడుములు విరుగుతాయి, నిద్ర ఉండదు, కోపం వస్తుంది, కోపం వచ్చినందుకు సిగ్గు వస్తుంది. రోగి ఎదురుగా వాళ్లు ఏమీ చెప్పలేరు. అందుకని రెండో ఆదివారం సగం సేపు మేం తప్పుకుంటాం, వాళ్లు మాత్రమే మాట్లాడుకుంటారు. ఏం మాట్లాడుకుంటారో మేం అడగం. ఆ తరవాత మా ఇంట్లో మాత్రం ఆ రోజు కాఫీ కొంచెం బాగుంటుంది.

చట్టం సంగతి క్లుప్తంగా. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం 21 రకాల వైకల్యాలను గుర్తించింది. ఈ జబ్బు వల్ల కాళ్లు చేతులు దెబ్బతిన్నవారు కదలికల వైకల్యం కింద పరీక్షకు పోవచ్చు. 40 శాతం, అంతకు మించి వైకల్యం ఉన్నట్టు మెడికల్ బోర్డు ధ్రువపత్రం ఇస్తే రిజర్వేషన్లవంటి సౌకర్యాలకు అర్హత వస్తుంది. యూడీఐడీ అనే గుర్తింపు కార్డు దేశమంతటా చెల్లుతుంది. రాష్ట్రం మారే మనవంటి వాళ్లకు ఇది ముఖ్యం. పింఛను మాత్రం ఏ రాష్ట్రం నియమాలు ఆ రాష్ట్రానివే. దరఖాస్తు ఆయా రాష్ట్ర భాషలో ఉంటుంది. అక్కడ కూడా తోటివాడే ఆసరా. ఒకసారి నింపినవాడు పదిమందికి నింపిపెట్టగలడు. చికిత్స, పునరావాసం కోసం బెంగళూరులో నిమ్హాన్స్, వేలూరు కేంద్రం, ముంబయి హాజీ అలీ దగ్గర కేంద్ర ప్రభుత్వ పునరావాస సంస్థ, ఒడిశాలో కటక్ దగ్గర ఓలట్‌పూర్‌లోని జాతీయ సంస్థ ఉన్నాయి. మీకు ఏది దగ్గరో చూసుకోండి.

మీ ఊళ్లో ఇలాంటి గుంపు మొదలుపెట్టాలంటే ఏం కావాలి? ఇద్దరు మనుషులు చాలు. మీకు వైద్యం చేసే డాక్టరుకో, ఫిజియోథెరపీ చేసేవారికో చెప్పండి. "నాలాంటి వారు వస్తే, వారికి ఇష్టమైతే, నా నంబరు ఇవ్వండి" అని. ఇష్టమైతే అన్న మాట ముఖ్యం. ఈ ఒక్క జబ్బువాళ్లే దొరకకపోతే, చెట్టు మీంచి పడి వెన్ను విరిగినవాళ్లు, వెన్నులో క్షయ వచ్చినవాళ్లు ఉంటారు. కారణం వేరైనా రోజు గడవడం ఒకటే. నేరుగా కలుసుకోవాలంటే మెట్లు లేని చోటు, తలుపు వెడల్పుగా ఉన్న మరుగుదొడ్డి, నీడ చూసుకోండి. బడి ఆదివారం ఖాళీగా ఉంటుంది, కల్యాణ మండపం కింది అంతస్తు అడిగితే ఇస్తారు. రెండు గంటలకు మించి పెట్టకండి. ఎవరు ముందు మాట్లాడాలి అనే పేచీ వద్దు. కొత్తగా వచ్చినవారికే మొదటి మాట. కొత్తవాళ్లు మాట్లాడలేకపోతే ఊరికే వినమనండి. మొదటి రెండు సార్లు నోరు విప్పనివాళ్లు మూడోసారి అడిగే ప్రశ్న, అందరికీ పనికివచ్చే ప్రశ్న అయివుంటుంది.

చివరిగా, జబ్బు లేని శ్రోతలకు ఒక మనవి. మీ వీధిలో, మీ మిల్లులో, మీ బంధువుల్లో, జ్వరం తగ్గాక కాళ్లు పడిపోయాయనో, వెన్నులో ఏదో వాపనో విని ఉంటే, ఆ ఇంటికి ఒకసారి వెళ్లండి. జాలి మాటలు చెప్పడానికి కాదు. "ఇలాంటివాళ్లు ఇంకా ఉన్నారట, ఒకరితో ఒకరు మాట్లాడుకుంటారట" అని చెప్పడానికి. ఆ ఒక్క మాట మీరు మోసుకుపోతే చాలు. మిగిలింది వాళ్లు వాళ్లు చూసుకుంటారు.